బైకు మీద క్యాంపింగ్‌కి టెంటు ఎలా ఎంచుకోవాలి: శ్రీకాకుళం, విజయనగరం దారులకు తరచుగా అడిగే ప్రశ్నలు

బైకు వెనక టెంటు కట్టుకుని కళింగపట్నం, బారువ తీరాలకో, తాటిపూడి వైపో, మందస కొండల దిగువకో బయల్దేరేవాళ్లు పెరిగారు. సందేహాలు మాత్రం అవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. తీరంలో ఇసుక, మెట్టన గట్టి ఎర్రమట్టి, కొండ దిగువన రాయి, చలికాలంలో అంతటా మంచు. ఎక్కడో చల్లని దేశాల కోసం రాసిన సలహాలు ఇక్కడ సగమే పనికొస్తాయి. అందుకే ఈ పేజీ. ఏ ప్రశ్న కావాలంటే అక్కడినుంచే చదువుకోవచ్చు.

## కొనే ముందు

టెంటు కొనేటప్పుడు అన్నిటికంటే ముందు ఏం చూడాలి?

మడిచాక ఎంత పొడవుంటుందో చూడండి. నడిచి కొండలెక్కేవాళ్లకి బరువు ముఖ్యం. బైకుకి మూడు కిలోలు లెక్కలోకి రావు, కానీ 65 సెంటీమీటర్ల కట్ట ఎక్కడా ఇమడదు. సైడ్ బ్యాగుల లోపలి పొడవు సాధారణంగా 40 నుంచి 45 సెం.మీ. ఉంటుంది. మీ బ్యాగుని టేపుతో కొలిచి, ఆ కొలత చేతిలో పెట్టుకుని దుకాణానికి వెళ్లండి. ఈ పొడవు గుడ్డ వల్ల రాదు. గుడ్డని ఎలాగైనా చుట్టుకోవచ్చు. టెంటుని నిలబెట్టే పోల్ ముక్కల పొడవే కట్ట పొడవు. డబ్బా మీద ఆ అంకె లేకపోతే, సంచి విప్పించి ఒక పోల్ ముక్కని కొలవండి.

ఇద్దరం వెళ్తాం. ఇద్దరి టెంటు సరిపోతుందా?

నిద్రకి సరిపోతుంది, సామానుకి సరిపోదు. కంపెనీలు మనిషికి 60 నుంచి 65 సెం.మీ. వెడల్పు లెక్కేస్తాయి. అంటే ఇద్దరి టెంటు 120 నుంచి 130 సెం.మీ. ఉంటుంది, భుజానికి భుజం తగులుతుంది. రెండు హెల్మెట్లు, జాకెట్లు, బూట్లు, బ్యాగులు ఎక్కడ పెడతారు? ఒక్కరైతే ఇద్దరి టెంటు, ఇద్దరైతే ముగ్గురి టెంటు తీసుకోండి. తలుపు ముందు కప్పు వసారాలా ముందుకొచ్చిన రకమైతే బూట్లు, తడి రెయిన్‌కోటు అక్కడ పడేయొచ్చు.

పొడవు విషయంలో మీ ఎత్తుకి 25 నుంచి 30 సెం.మీ. కలపండి. గోడలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి చివర్లు వాడుకోలేం. అయిదడుగుల పది అంగుళాల మనిషికి 205 సెం.మీ. కంటే తక్కువైతే కాళ్లు తడి గుడ్డకి తగులుతాయి.

ఎందుకైనా మంచిదని నలుగురి టెంటు కొనకండి. అంత చదునైన చోటు తోటల్లో దొరకదు, సముద్రపు గాలికి అది నిలవదు.

ఒక్క పొర టెంటు చవగ్గా వస్తోంది. తీసుకోవచ్చా?

మన దగ్గర వద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున మంచు బాగా కురుస్తుంది. ఒక్క పొర టెంటులో మన ఊపిరిలోని తేమ చల్లటి గుడ్డకి తగిలి, నీరై, దుప్పటి మీదే పడుతుంది. రెండు పొరలుంటే లోపల దోమతెర గుడ్డ, పైన వాన కప్పు, మధ్యలో గాలి తిరిగే సందు ఉంటాయి. తేమ కప్పు లోపలివైపున నీరై అంచుల వెంట జారిపోతుంది. వేసవిలో కప్పు తీసేసి తెర ఒక్కటే వేసుకోవచ్చు. కప్పు దాదాపు నేల దాకా దిగాలి. సగం దాకా టోపీలా ఉండే రకానికి ఏటవాలు వానలో పక్కలు తడుస్తాయి.

విసిరితే విచ్చుకునే పాప్-అప్ టెంటు బైకుకి బాగుంటుందా?

బాగుండదు. అది మడిచాక 75, 80 సెం.మీ. అడ్డంగా ఉండే చక్రంలా అవుతుంది. వెనక కడితే హైవే మీద పక్కగాలికి బైకుని లాగుతుంది. కారు డిక్కీకి చేసిన వస్తువది.

డోమ్ ఆకారమా, సొరంగం ఆకారమా?

డోమ్. రెండు పోల్స్ అడ్డంగా దాటి, మేకులు లేకున్నా తనంతట తాను నిలబడే రకం. సొరంగం టెంటు లోపల విశాలంగా ఉన్నా మేకు పట్టకపోతే నిలబడనే నిలబడదు. మన తీరంలో ఇసుకలో మేకు పట్టదు, రాతి నేలలో మేకు దిగదు. డోమ్‌ని వేసిన తరవాత ఎత్తి రెండడుగులు పక్కకి జరుపుకోవచ్చు, పొద్దున్న తిరగేసి ఇసుక దులపొచ్చు. తనంతట నిలబడుతుంది కదా అని మేకులు వదిలేయకండి. మనిషి లోపల లేని ఖాళీ డోమ్ ఒక్క గాలి విసురుకి దొర్లుకుంటూ పోతుంది.

ఫైబర్ పోల్స్ వద్దంటారెందుకు?

రెండు కారణాలు. ఫైబర్ ముక్కలు చాలావరకు పొడుగ్గా ఉంటాయి, కట్ట బ్యాగులో పట్టదు. రెండోది, విరిగినప్పుడు నిలువునా చీలి, సన్నటి ముళ్లు అరచేతిలో దిగుతాయి, కప్పుని కూడా చింపుతాయి. అల్యూమినియం పోల్ ముందు వంగుతుంది, మెల్లగా సరిచేసుకుంటే రెండు రాత్రులు నెట్టుకురావచ్చు. డబ్బు ఎక్కడైనా తగ్గించుకోండి గానీ పోల్స్ దగ్గర తగ్గించకండి. ఇప్పటికే ఫైబర్ పోల్స్ టెంటు ఉంటే పారేయక్కర్లేదు. అవి చేత్తో పట్టుకునేటప్పుడు మందపాటి గుడ్డ వాడండి, ముక్కలు ఒకదాంట్లో ఒకటి పూర్తిగా దిగాయో లేదో చూశాకే వంచండి. ఎక్కువ పోల్స్ విరిగేది సగం దిగిన కీలు దగ్గరే.

డబ్బా మీద 2000 మి.మీ., 3000 మి.మీ. అని ఉంటుంది. అదేమిటి?

ఆ గుడ్డ మీద అంత ఎత్తు నీళ్ల స్తంభం నిలబెడితేగానీ నీరు అవతలికి దిగదని అర్థం. పైకప్పుకి కనీసం 1500, మన వానలకి 2000 ఉంటే నిశ్చింత. నేల మీద ఆనే అడుగు గుడ్డకి 3000కి తగ్గొద్దు. తడి నేల మీద మోకాలు ఆనించినప్పుడు ఒత్తిడంతా ఆ చిన్న చోటే పడుతుంది, నీరు అక్కడినుంచే లోపలికి వస్తుంది. అంకె ఎంతున్నా కుట్టు మీద టేపు అంటించి లేకపోతే అది లేనట్టే. లోపలివైపు తిప్పి కుట్లన్నీ వేలితో తడిమి చూడండి.

గుడ్డ సంగతికొస్తే, పాలిస్టర్ తడిసినా సాగదు, ఎండకి కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. నైలాన్ తేలిక, కానీ తడిస్తే వదులై రాత్రి లేచి తాళ్లు బిగించాల్సి వస్తుంది. బైకు వాళ్లకి పాలిస్టరే నయం.

అసలు టెంటు కొనకుండా టార్పాలిన్, దోమతెరతో గడపలేమా?

డిసెంబరు, జనవరిలో, తెలిసినవాళ్ల మామిడితోటలో అయితే హాయిగా గడపొచ్చు. తీరంలో గాలికీ, వానాకాలంలో పురుగూ పుట్రకీ అది చాలదు. టెంటు వల్ల అసలు లాభం అడుగు, తెర కలిపి కుట్టి ఉండటం. జిప్పు వేశాక తేలూ, జెర్రీ దూరే సందు ఉండదు.

## కొన్న రోజు

కొత్త టెంటుని నేరుగా ట్రిప్పుకి తీసుకెళ్లొచ్చా?

వద్దు. ముందు మేడ మీద వేయండి. మేకుల బదులు నాలుగు మూలలా ఇటుకలకో నీళ్ల డబ్బాలకో కట్టండి. తాళ్లన్నీ బిగించి, పైపుతో పావుగంట నీళ్లు కొట్టండి. తరవాత లోపలికెళ్లి కుట్ల వెంట, మూలల్లో, జిప్పు కింద టార్చి వేసి చూడండి. బొట్టు కనిపిస్తే అక్కడ సీమ్ సీలర్ (కుట్ల సందులు మూసే జిగురు) రాయొచ్చు, లేదా బిల్లు ఉండగానే మార్చుకోవచ్చు. ఎండాక ఒకసారి లైటు ఆపి, చీకట్లో వేయడం, మడవడం చేయండి. బయల్దేరడం ఎప్పుడూ ఆలస్యమే, చేరేసరికి పొద్దు వాలుతుంది.

టెంటుతో వచ్చిన మేకులు చాలవా?

చాలవు. సాధారణంగా వచ్చేవి పెన్సిల్‌లో సగం మందం ఉన్న ఇనుప కడ్డీలు. విజయనగరం మెట్ట భూముల్లో ఎండిన ఎర్రమట్టికి అవి వంగిపోతాయి, ఇసుకలో పట్టు చిక్కదు. ఆరు అంగుళాల ఇనుప సీలలు పది హార్డ్‌వేర్ షాపులో కొనుక్కోండి, అవి గట్టి నేలకి. ఇసుకకి నాలుగు ఖాళీ గుడ్డ సంచులు. రెండు మీటర్ల చొప్పున నాలుగు అదనపు తాళ్లు. పోల్ విరిగితే తొడగడానికి పన్నెండు సెం.మీ. లోహపు గొట్టం ముక్క ఒకటి. అన్నీ కలిపి కిలోకి మించవు.

## బైకు మీద కట్టడం

టెంటుని బైకు మీద ఎక్కడ కట్టాలి?

ఒంటరిగా వెళ్తే వెనక సీటు మీద, నడుముకి దగ్గరగా, అడ్డంగా. క్యారియర్ చివరన కాదు. బరువు వెనక చక్రం ఇరుసు దాటి వెనక్కి పోయేకొద్దీ ముందు చక్రం తేలికవుతుంది, సాలూరు దాటాక ఘాట్ మలుపుల్లో హ్యాండిల్ ఊగుతుంది. క్యారియర్‌కి ఎంత బరువు మించకూడదో చాలా బళ్లకి దాని మీదే రాసి ఉంటుంది, చూసుకోండి.

వెనక మనిషి ఉంటే టెంటుని రెండుగా విడదీయండి. గుడ్డ ఒక సైడ్ బ్యాగులో, పోల్స్, మేకులు రెండో దాంట్లో. రెండువైపులా బరువు సమానంగా ఉండాలి. కట్ట వెడల్పు హ్యాండిల్ వెడల్పు దాటకూడదు. వెనక లైటు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు కనబడాలి. ముందు క్రాష్ గార్డుకి కట్టేవాళ్లున్నారు. అక్కడ కడితే ఇంజనుకి గాలి ఆడదు, బురదంతా టెంటుకే.

సైలెన్సర్‌కీ గుడ్డకీ మధ్య కనీసం జానెడు ఖాళీ ఉంచండి. ఇంటి దగ్గర సరిగ్గా ఉన్న బ్యాగు గుంటలో పడ్డప్పుడు కిందికి ఊగి పైపుకి తగులుతుంది. పాలిస్టర్ కరగడానికి అదొక్కటి చాలు.

బంగీ తాళ్లతో కడితే ఊడిపోతుందా?

ఒక్కోసారి ఊడుతుంది. బంగీ తాడు సాగుతుంది కాబట్టి గుంట పడ్డప్పుడల్లా కట్ట కొంచెం జరుగుతుంది, పదిసార్లకి పక్కకి వస్తుంది. కొక్కెం జారితే కంటికి కొట్టే ప్రమాదం కూడా ఉంది. బకిల్ ఉన్న పట్టీ బెల్టులు రెండు అసలు కట్టుకి వాడండి, బంగీ వల పైన జాకెట్టు పెట్టుకోవడానికి. బెల్టు కొసలు వేలాడకూడదు. గొలుసులోనో చక్రంలోనో చిక్కితే బండి పడుతుంది. మిగిలిన కొసని చుట్టి ముడేయండి. బయల్దేరిన పది కిలోమీటర్లకి ఒకసారి ఆగి బిగించండి. మొదటి వదులు అక్కడే వస్తుంది.

టెంటుతో వచ్చిన సంచి వానకి ఆగుతుందా?

ఆగదు. పై మూత చుట్టి బిగించే డ్రై బ్యాగులో పెట్టండి, లేదా మందపాటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఆ పైన అసలు సంచి తొడగండి. పొద్దున్న తడిసిన కప్పుకి మాత్రం వేరే సంచి ఉండాలి. పొడి లోపలి టెంటుతో కలిపి చుడితే సాయంత్రానికి రెండూ తడే.

## చోటు చూసుకోవడం

బీచ్‌లో నీళ్లకి ఎంత దూరంలో వేయాలి?

నిన్నటి పోటు ఎక్కడిదాకా వచ్చిందో నాచు, చెత్త, గవ్వల గీత చెబుతుంది. ఆ గీత దాటి పైకి, ఇసుక పొడిగా ఉండి తీగ మొక్కలు మొదలయ్యే చోటు వెనక వేయండి. పున్నమి, అమావాస్యలకి పోటు ఎక్కువ వస్తుంది. నదీ ముఖం దగ్గర, అంటే కళింగపట్నంలో వంశధార కలిసే చోటులాంటిది, ఇసుక తిన్నె మీద వేయకండి. నీరు రెండువైపుల నుంచీ వస్తుంది. అన్నిటికన్నా మంచి పని, దగ్గర్లో వలలు బాగుచేసుకుంటున్న మత్స్యకారుల్ని అడగడం. వాళ్లు వేలు పెట్టి చూపించిన చోటే వేయండి.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరాల్లో గుడ్లు పెడతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటికి పూర్తి రక్షణ ఉంది. ఆ నెలల్లో తెరిచి ఉన్న ఇసుక మీద టెంటు వేయొద్దు, మంట వేయొద్దు, సముద్రం వైపు తెల్లటి లైటు పెట్టొద్దు. వెలుగు చూసి తల్లి తాబేలు వెనక్కి తిరిగిపోతుంది. పిల్లలైతే నీళ్లవైపు పోకుండా లైటు వైపు నడిచి చచ్చిపోతాయి. సరుగుడు తోట వెనక్కి పోతే ఇద్దరికీ క్షేమం.

గెడ్డ (వాగు) పక్కన మెత్తటి ఇసుక ఉంది. అక్కడ వేస్తే?

వద్దు. ఆ ఇసుకని అక్కడికి తెచ్చింది వరదే. వంశధార, నాగావళి, మహేంద్రతనయ, బాహుదా అన్నీ ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి. ఇక్కడ చుక్క పడకపోయినా పైన వాన పడితే రాత్రికి రాత్రి నీరు దిగుతుంది. కొండ గెడ్డలైతే ఇంకా వేగం. గొట్టా, తోటపల్లి బ్యారేజీల కింద గేట్లు ఎత్తినా అంతే. నీటికి కనీసం రెండు మనుషుల ఎత్తు పైన ఉన్న మెట్ట చూసుకోండి.

కొబ్బరితోటలో, జీడితోటలో వేసుకోవచ్చా?

అడిగి వేసుకోండి, చెట్టు కింద మాత్రం వద్దు. కొబ్బరికాయ, ఎండు మట్ట ఎప్పుడు పడతాయో చెట్టుకే తెలియదు. తాటిచెట్టు కిందా అంతే. సరుగుడు ఆకు రాలిన నేల పరుపులా ఉంటుంది, కానీ అగ్గిపుల్లకే అంటుకుంటుంది. అక్కడ స్టౌ వెలిగించాలంటే రెండడుగుల మేర ఆకు గోకేయాలి.

ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. మందస, వజ్రపుకొత్తూరు వైపు జీడిపండు, పనసపండు కాలంలో తోటల్లో రాత్రి ఉండకండి. పార్వతీపురం మన్యం జిల్లాలో కొమరాడ, గరుగుబిల్లి వైపు ఏనుగుల గుంపు తిరుగుతుంటుంది. అరటి, చెరకు, వరి చేల పక్కన టెంటు వేయడం వాటి దారిలో పడుకోవడమే. ఆ ఊళ్లలో రాత్రయితే గ్రామంలోనే, బడి వరండాలోనో గుడి దగ్గరో పెద్దల్ని అడిగి ఉండండి. రిజర్వు అడవిలో అటవీ శాఖ అనుమతి లేకుండా వేయకూడదు.

ఏ నెలల్లో వెళ్తే మంచిది?

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. ఏప్రిల్, మే నెలల్లో తీరంలో ఉక్క, మెట్టన ఎండ. అక్టోబరు ఆకాశం ఎంత తేటగా కనిపించినా నమ్మకండి. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. తిత్లీ పలాస దగ్గరే దాటింది. గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర దాటింది. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినబడితే, లేదా కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే, ప్రయాణం వాయిదా వేయండి. ఏ టెంటూ తుపాను గాలికి చేసింది కాదు.

## టెంటు వేయడం

ఇసుకలో మేకులు ఊడిపోతున్నాయి. ఏం చేయాలి?

మేకు మానేసి సంచి పాతండి. గుడ్డ సంచిలో రెండు మూడు కిలోల ఇసుక నింపి మూతి కట్టండి. తాడుని సంచి నడుముకి కట్టి, మోచేతి లోతు గుంట తీసి, పాతి, కాలితో తొక్కండి. తాడు గుంటలోంచి ఏటవాలుగా టెంటువైపు రావాలి, నిలువుగా వస్తే సంచి పైకి లేస్తుంది. సంచులు లేకపోతే జానెడున్నర కర్ర ముక్కనో కొబ్బరి మట్ట ముక్కనో అడ్డంగా పాతినా పనిచేస్తుంది. నాలుగు మూలలకీ, గాలి వచ్చే వైపు రెండు తాళ్లకీ ఇలా చేస్తే చాలు. ఇసుక తడిగా ఉంటే పట్టు ఇంకా బాగుంటుంది, గుంటలో చెంబెడు నీళ్లు పోయండి.

తలుపు ఎటువైపు పెట్టాలి?

తీరంలో పగలు గాలి సముద్రం నుంచి, రాత్రి పొద్దుపోయాక నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. సాయంత్రం గాలి చూసి వేసిన టెంటుకి రాత్రి రెండింటికి గాలి వెనక నుంచి కొడుతుంది. అందుకే రెండువైపులా తాళ్లు కట్టాలి. టెంటు ఇరుకు వైపు గాలికి ఎదురుగా, తలుపు పక్కకి. తల వైపు కాస్త ఎత్తున ఉండేలా చూసుకోండి. తూర్పు తీరంలో ఆరున్నరకే ఎండ టెంటుని వేడెక్కిస్తుంది, పశ్చిమం వైపు చెట్టు కంటే తూర్పు వైపు చెట్టు మేలు.

టెంటు తాడు బైకుకే కట్టేస్తే?

కట్టకండి. బైకు పడితే టెంటు చిరుగుతుంది, మనిషి లోపలుంటే మీద పడుతుంది. బైకుని రెండు మీటర్ల దూరంలో, పడినా టెంటు మీద పడని వైపు ఆపండి. ఇసుకలో సైడ్ స్టాండ్ కింద అరచేతంత చెక్కో రేకో పెట్టండి, లేకపోతే తెల్లారేసరికి స్టాండు దిగి బండి పడుకుంటుంది. వాలులో అయితే మొదటి గేరులో ఉంచి ఆపండి.

కింద పరిచే పట్టా టెంటు కంటే పెద్దదిగా ఉండాలా?

చిన్నదిగా ఉండాలి. అన్నివైపులా నాలుగు వేళ్లు లోపలికి. బయటికొచ్చిన పట్టా వాన నీటిని పట్టి టెంటు అడుక్కి పంపుతుంది.

## రాత్రి

పొద్దున్న లేచేసరికి లోపలంతా తడి. టెంటు కారుతోందా?

వాన పడకపోతే కారడం కాదు, మన ఊపిరే. కప్పు లోపలివైపు సమానంగా చెమర్చినట్టు ఉంటే అది తేమ. కుట్టు వెంట గీతలా, ఒక్కచోట బొట్లుగా ఉంటే కారుతున్నట్టు. చలేస్తోందని గాలి రంధ్రాలు మూయడమే తప్పు. అన్నీ తెరవండి, కప్పు అంచు నేలకి నాలుగు వేళ్ల ఎత్తున ఉండేలా తాడు లాగండి. తడి రెయిన్‌కోటు, బూట్లు లోపల పెట్టకండి. చెరువు గట్టునే వేస్తే తేమ ఇంకా ఎక్కువ, వంద అడుగులు వెనక్కి వెళ్తే తేడా తెలుస్తుంది.

వాన పడుతోంటే టెంటు లోపల టీ పెట్టుకోవచ్చా?

పెట్టుకోకూడదు. మూసిన టెంటులో స్టౌ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మంట అంటుకుంటే పాలిస్టర్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఫ్లాస్కులో టీ పోయించుకుని వెళ్లండి.

## ఇంటికొచ్చాక

తడి టెంటుని సంచిలో ఎన్ని రోజులు ఉంచొచ్చు?

ఒక్క రోజు. రెండో రోజుకి బూజు వాసన, వారానికి నల్లమచ్చలు. ఆ మచ్చలు మళ్లీ పోవు. ఇంటికి రాగానే డాబా మీద నీడపట్టున ఆరేయండి. ఎర్రటి ఎండలో రోజులకొద్దీ వదిలితే గుడ్డ చివికిపోతుంది. పూర్తిగా ఆరాక దాని సంచిలో బిగించకుండా, పాత దిండు గలేబులో వదులుగా పెట్టి బీరువా పైన ఉంచండి.

బీచ్ నుంచి వచ్చాక జిప్పు పట్టేస్తోంది.

ఇసుక, ఉప్పు. బలవంతంగా లాగితే జిప్పు రన్నర్ వదులై, తరవాత పళ్లు మూసుకోవు. బకెట్ మంచినీళ్లలో జిప్పు భాగాన్ని ముంచి, పాత టూత్‌బ్రష్‌తో పళ్ల మధ్య రుద్దండి. ఆరాక కొవ్వొత్తిని జిప్పు మీద రెండుసార్లు గీయండి. కొబ్బరినూనె వద్దు, మళ్లీ ఇసుకని పట్టుకుంటుంది. పోల్స్ కీళ్లని కూడా మంచినీళ్లతో కడిగి తుడవాలి, లేకపోతే ఉప్పు అల్యూమినియంని తినేసి, ముక్కలు ఊడిరావు. గుడ్డని వాషింగ్ మెషీన్‌లో వేయకండి, నీరు దిగనివ్వని పూతని డిటర్జెంట్ తీసేస్తుంది.

పాత టెంటు కప్పు జిగటగా అయి వాసన వస్తోంది. బాగవుతుందా?

లోపలివైపు ఉన్న పాలియురెథేన్ పూత తేమకి విరిగిపోతోంది. మన తీరం గాలిలో తడిగా దాచిన టెంటుకి ఇది తొందరగా వస్తుంది. కుట్టు టేపు లేచినంతవరకే అయితే పాత టేపు పీకి, స్పిరిట్‌తో తుడిచి, సీమ్ సీలర్ రాస్తే ఇంకో రెండు మూడు సీజన్లు వస్తుంది. గుడ్డంతా జిగట పట్టి, పొలుసులు రాలుతుంటే ఆ కప్పు వానకి పనికిరాదు. లోపలి తెర, పోల్స్ బాగుంటే పారేయకండి. పైన చిన్న టార్పాలిన్ కట్టుకుంటే చలికాలం, వేసవి ట్రిప్పులకి అదే దోమతెర టెంటుగా నడుస్తుంది.